అత్త నోరు పొక్కింది, వేడి చేసిందని ఊరుకోవచ్చా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా అత్తకు 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కీమో మొదలుపెట్టారు. ఎర్ర మందు, దాంతోపాటు ఇంకో మందు, 21 రోజులకు ఒకసారి, మొత్తం 4 సార్లు అన్నారు. తర్వాత మందు మారుస్తారంట. మొదటిది అయి ఈరోజుకు 10 రోజులు. 6వ రోజు నుంచి నోరంతా పొక్కింది. నాలుక పక్కన, బుగ్గల లోపల పుండ్లు. సంగటి లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదనే మనిషి, రెండు రోజులుగా మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదు. వేడి చేసింది, అదే తగ్గుతుంది అంటోంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తానంటే నా చేయి పట్టుకుని వద్దంది, చెబితే కీమో ఆపేస్తారని భయం. మా ఆయన బెంగళూరులో పని చేస్తాడు, ఇంట్లో మేమిద్దరమే. ఒకరు బీ కాంప్లెక్స్ మాత్రలు వేయమంటారు, ఒకరు తేనె పూయమంటారు, ఇంకొకరు పటిక నీళ్లు అంటారు. పైగా రెండో కీమో లోపల కొండకు పోయి మొక్కు తీర్చుకోవాలంటోంది. ఏం పెట్టాలి, ఏం చేయాలి, ఫోన్ చేయాలా వద్దా?

జవాబు: చెల్లీ, మిగతాదంతా తర్వాత చదువుకుందువు గానీ, ముందు ఫోన్ చెయ్యి. మీ అత్త వద్దన్నా సరే చెయ్యి. కీమో ఫైల్ మీద నంబరు ఉంటుంది. ఫోన్ ఎత్తిన వాళ్లకు మొదటి మాటే ఇలా చెప్పు: ఎర్ర మందు ఎక్కించి 10 రోజులైంది, నోటి నిండా పుండ్లున్నాయి, రెండు రోజులుగా మజ్జిగ తప్ప ఏమీ లోపలికి పోవడం లేదు. చేసేముందు థర్మామీటర్ పెట్టి జ్వరం ఎంతుందో చూసుకుని ఆ అంకె కూడా చెప్పు. నోట్లో పుండ్లు ఉన్నాయి కాబట్టి చంకలో పెట్టు. చంకలో పెడితే అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకో.

నేను డాక్టర్‌ను కాను. తిరుపతిలో కీమో వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఆ ఏళ్లలో నేను చూసిన నోళ్లకు లెక్క లేదు. మొదట్లో చిన్నగా ఉన్నప్పుడే చెప్పిన వాళ్లు నాలుగు రోజులు ఇబ్బంది పడి తేలిపోయారు, దాచుకున్న వాళ్లు మాత్రం స్ట్రెచర్ మీద వచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇప్పుడు ‘వేడి’ సంగతి. మన ఇళ్లల్లో నోరు పొక్కితే వేడి చేసిందంటాం, సబ్జా గింజలు నానబెట్టి తాగిస్తాం, మజ్జిగ ఇస్తాం, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మామూలు పొక్కుకు అది సరిపోతుంది కూడా. కానీ ఇది ఆ పొక్కు కాదు. క్యాన్సర్ కణాలు తొందర తొందరగా పెరుగుతాయి కాబట్టి, అలా తొందరగా పెరిగే కణాలను దెబ్బతీసేలా కీమో మందు తయారైంది. మన ఒంట్లో మంచి కణాల్లో కూడా అలా తొందరగా పెరిగేవి ఉన్నాయి: జుట్టు కుదుళ్లు, పేగుల లోపలి పొర, ఎముక మూలుగలో తయారయ్యే రక్తకణాలు, నోటి లోపలి చర్మం. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి పాతది రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. మందు పడ్డాక పాతది మామూలుగానే రాలిపోతుంది, కొత్తది మాత్రం రాదు. ఆ ఖాళీయే పుండు. జుట్టు ఎందుకు ఊడుతుందో నోరు కూడా అందుకే పొక్కుతుంది. మీ అత్తకు ఎక్కించిన ఎర్ర మందు, డాక్సోరూబిసిన్, నోరు పొక్కించే మందుల్లో పేరున్నదే.

దీనికి ఒక లెక్క ఉంది చెల్లీ, అదే మనకు ధైర్యం. డ్రిప్ పెట్టిన రోజును 1 అనుకుంటే సుమారు 5వ రోజు నుంచి నోరు మండటం మొదలవుతుంది, 7 నుంచి 14 మధ్య బాగా ఎక్కువవుతుంది, ఆ తర్వాత కొత్త పొర వచ్చేకొద్దీ మానుతుంది, చాలా మందికి 21వ రోజుకు నోరు బాగుపడుతుంది. మీ ఇంట్లో గోడకు టీటీడీ క్యాలెండర్ ఉండే ఉంటుంది, దాని మీద కీమో రోజు నుంచి అంకెలు వేసుకో. 7 నుంచి 14 వరకు ఎర్ర పెన్నుతో గీత పెట్టు. ఆ గీత ఎందుకంటే, నోరు బాగా చెడే రోజులూ, రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయే రోజులూ ఇంచుమించు ఒకటే. నోట్లో ఎప్పుడూ ఉండే క్రిములకు పుండు తలుపు తీసినట్టు, అదే సమయానికి కాపలా వాళ్లు లేనట్టు. వేడి అనుకుని నాలుగు రోజులు ఆగితే జరిగే నష్టం ఇక్కడే.

మా పెద్దక్క విషయంలో ఇదే జరిగింది. ఆమె బైరాగిపట్టెడలో ఉండేది, నేను నైట్ డ్యూటీల్లో ఉన్నాను. కీమో అయిన 8వ రోజు నోరు పొక్కింది, వేడి అంది, నేను రోజూ ఫోన్‌లో తిన్నావా అని అడిగేదాన్ని, తిన్నాను అనేది. తినలేదు. నాలుగో రోజు రాత్రి చలితో వణుకుతుంటే మా బావ దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ రక్తపరీక్ష కూడా చేయకుండా జ్వరానికి సూది వేసి పంపేశారు. కీమో తీసుకుంటోందని మా బావ చెప్పలేదు, వాళ్లు అడగలేదు. తెల్లవారేసరికి 103. తెల్ల కణాలు దాదాపు లేవు. 9 రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది, ఇప్పటికీ ఉంది, మనవళ్లను ఎత్తుకుంటోంది. కానీ రోజూ పదిమంది నోళ్లు టార్చి వేసి చూసే నేను మా అక్క నోరు ఒక్కసారి తెరిచి చూడలేదన్న బాధ నాకు ఇంకా పోలేదు. నువ్వు కోడలివి, ఆమె నీ దగ్గర నోరు తెరవడానికి సిగ్గుపడుతుంది, నాకు తెలుసు. అయినా రోజూ పొద్దున పళ్లు తోమాక, వెలుతురులో కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి చూడు. బుగ్గల లోపల, నాలుక కింద, పెదవి లోపల. ఎర్రగా ఉందా, పుండు పడిందా, పెరుగు తొరకలాగా తెల్లగా ఏమైనా పేరుకుందా. ఆ తెల్లటిది గుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనబడితే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు ఉంది, డాక్టర్ రాస్తారు. నువ్వు పుండ్లు అని రాశావు, రంగు రాయలేదు, అందుకే చెబుతున్నా.

కీమో ఆపేస్తారన్న భయం గురించి. ఈ మాట నేను వార్డులో ఎన్ని వందల సార్లు విన్నానో. చెప్పకుండా ఉంటే మంచి పేషెంట్ అనుకుంటారని ఒక నమ్మకం మన వాళ్లకు. నోరు పొక్కిందని చెప్పినంత మాత్రాన ఎవరూ వైద్యం ఆపేయరు. డాక్టర్ల దగ్గర దీనికి కొలత ఉంది. నోరు మండుతోంది కానీ ఎర్రదనం తప్ప పుండు లేదంటే 1. పుండ్లు ఉన్నా గట్టి పదార్థం తింటున్నారంటే 2. నీళ్లు, జావలాంటివి తప్ప దిగడం లేదంటే 3. నోటి ద్వారా ఏదీ పోవడం లేదంటే 4. ఆ అంకెను బట్టి తర్వాతి కీమోను ఒక వారం వెనక్కి జరపాలా, మందు మోతాదు కొంచెం తగ్గించాలా, ముందు జాగ్రత్తగా ఏమైనా ఇవ్వాలా అని చూస్తారు. మీ అత్త లెక్క నువ్వు రాసినదాన్ని బట్టి 3. ఈ సంగతి దాచి, అదే మోతాదు రెండోసారి ఎక్కించుకుంటే నోరు ఇంకా ఎక్కువ చెడి, ఆసుపత్రిలో పడి, అప్పుడు నిజంగానే కీమో ఆలస్యమవుతుంది. ఆమెకు ఈ మాట నువ్వు చెబితే వినకపోవచ్చు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నర్సు చేత చెప్పించు.

ఇంట్లో చేయాల్సిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది పుక్కిలించడం. ఖర్చు లేదు కాబట్టి మన వాళ్లకు దీని మీద నమ్మకం ఉండదు, కానీ ఇదే అసలు పని. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు తీసుకో. అందులో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంట సోడా కలుపు. వంట సోడా అంటే తినే సోడా, బజ్జీల పిండిలో వేసేది. చాకలి సోడా కాదు, కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ కూడా కాదు, అంగట్లో అడిగేటప్పుడు చూసుకో. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకుని మిగిలింది పారేయాలి. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, ఇంకా మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, ఒక గుక్క నోట్లో పోసుకుని అర నిమిషం మెల్లగా తిప్పి ఉమ్మేయాలి. గొంతులో గరగర గట్టిగా చేయనక్కర్లేదు, మింగకూడదు. ఉప్పుకు చుర్రుమంటే ఉప్పు తీసేసి సోడా ఒక్కటే కలుపు. ఇప్పుడు పుండ్లు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి మొదటి రోజు నోట్లో పోసుకోగానే వద్దంటుంది. చేయిస్తూ ఉండు, రెండో రోజుకు అలవాటు పడుతుంది.

అంగట్లో దొరికే ఘాటైన మౌత్‌వాష్‌లు వద్దు. చాలా వాటిలో ఆల్కహాల్ ఉంటుంది, పుండు మీద నిప్పు పెట్టినట్టుంటుంది, నోరు ఇంకా ఎండిపోతుంది.

పళ్లు తోమడం మానకూడదు. వేపపుల్ల, బొగ్గు, పళ్లపొడి, వేలికి ఉప్పు రాసుకుని రుద్దడం, ఇవన్నీ కీమో అయ్యేదాకా పక్కన పెట్టాలి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ కొని, వేడి నీళ్లలో ముంచి ఇంకా మెత్తబరిచి, ఘాటు లేని పేస్టు కొంచెం వేసుకుని తోమాలి. బ్రష్ కూడా తగలనివ్వలేకపోతే శుభ్రమైన మెత్తటి గుడ్డ వేలికి చుట్టి, ఆ సోడా నీళ్లలో తడిపి తుడవడమే. కట్టుడు పళ్లు ఉంటే అన్నం తినేటప్పుడు తప్ప మిగతా సమయమంతా తీసేయాలి, పుండు దగ్గర ఒరుసుకుంటుంటే పూర్తిగా తీసేయాలి. ఆకు వక్క అలవాటుందా? మన వైపు ఆ వయసు ఆడవాళ్లకు ఉంటుంది కాబట్టి అడుగుతున్నా. ఉంటే ఇప్పుడు అస్సలు వద్దు. సున్నం, వక్క రెండూ ఆ పుండుకు పగే. పెదవులు పగిలితే వాజిలిన్ గానీ ఇంట్లో నెయ్యి గానీ రాయి.

నొప్పి గురించి. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదని ఆమెకు చెప్పు, ఎందుకంటే నొప్పి తగ్గితేనే తిండి లోపలికి పోతుంది. డాక్టర్ని అడిగితే నోరు మొద్దుబారే మందు రాస్తారు, లిగ్నోకైన్ విస్కస్ అని జిగురుగా ఉంటుంది. తినడానికి పది పదిహేను నిమిషాల ముందు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. అది వేసుకున్నప్పుడు రెండు జాగ్రత్తలు: నోటికి వేడి తెలియదు కాబట్టి వేడివేడిగా ఏదీ పెట్టకూడదు, నాలుక బుగ్గ కొరుక్కోకుండా మెల్లగా తినాలి. గొంతు దాకా మొద్దుబారితే పొరబోయే ప్రమాదం ఉంది, అందుకని ఎంత, ఎన్నిసార్లు అనేది డాక్టర్ చెప్పినట్టే. అది చాలకపోతే అంతకంటే బలమైన నొప్పి మందులు కూడా ఇస్తారు, మార్ఫిన్ దాకా. మార్ఫిన్ అనగానే ఇక చివరి దశే అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, నేను కళ్లారా చూశాను. నోటి పుండ్ల నొప్పికి కొద్దిరోజులు ఇచ్చి ఆపేసే మందు కూడా అదే.

మెడికల్ షాపులో అడిగి ఒళ్లునొప్పుల మాత్రలు తెచ్చి వేయొద్దు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఈ రోజుల్లో రక్తం కారేలా చేయొచ్చు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉంటాయి కదా. పారాసెటమాల్ కూడా జ్వరం చూడకుండా వేయకూడదు. జ్వరం ఒక్కటే మనకు కనబడే గుర్తు, మాత్ర వేసి దాన్ని దాచేస్తే లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతున్నా తెలియదు. ఊళ్లో డాక్టర్ దగ్గర నడుముకు సూది వేయించడం కూడా వద్దు.

బీ కాంప్లెక్స్ మాత్రలు మామూలు నోటిపూతకు వేసుకుంటాం, ఎందుకంటే అది కొన్నిసార్లు విటమిన్ తక్కువై వచ్చే పూత. ఇది విటమిన్ తక్కువై వచ్చింది కాదు కాబట్టి వేసినా మానదు. డాక్టర్ రాస్తే వేయండి, మీ అంతట మీరు కొనొద్దు. ఇది చదివే మిగతా వాళ్లకు ఇంకో మాట: మెథోట్రెక్సేట్ లేదా కేప్‌సైటబిన్ అనే కీమో మందులు వాడే వాళ్లు డాక్టర్ని అడగకుండా బీ కాంప్లెక్స్ అస్సలు వేసుకోవద్దు. చాలా బీ కాంప్లెక్సుల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది కేప్‌సైటబిన్ విషప్రభావాన్ని పెంచుతుంది, మెథోట్రెక్సేట్‌తో కూడా అడ్డు తగులుతుంది. కేప్‌సైటబిన్ మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే నోరు బాగా పొక్కి విరేచనాలు కూడా పట్టుకుంటే, ఆ పూట మాత్ర వేసుకోకుండా వెంటనే ఫోన్ చేయాలి.

తేనె గురించి మంచి మాట ఉన్న మాట నిజమే, గొంతు నోటి క్యాన్సర్లకు కరెంటు పెట్టినప్పుడు, అదే రేడియేషన్‌లో, వచ్చే పుండ్లకు తేనె కొంత పనిచేస్తుందని చూశారు. మీ అత్తది రేడియేషన్ పుండు కాదు. పైగా తలకోన వైపు రోడ్డు పక్కన సీసాల్లో అమ్మే అడవి తేనె పచ్చిది, తెల్ల కణాలు తక్కువున్న రోజుల్లో అది పుండు మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. పటిక వద్దు, అది చర్మాన్ని ముడిచి ఎండగొడుతుంది, ఉన్న మంట రెండింతలవుతుంది. వెలిగారం కూడా అంతే, పొరపాటున మింగితే విషం.

ఇక తిండి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నీకు రోజూ ఎదురయ్యేది ఇదే. మన జిల్లా వంట అంతా కారం, చింతపండు, చెనిక్కాయలు. ఊరిబిండి, పచ్చిమిరపకాయల పులగూర, టమోటా పప్పు, ఊరగాయ, అన్నీ ఇప్పుడు ఆ నోటికి శత్రువులే. జబ్బు మనిషి అని మిరియాల చారు పెడతారు చూడు, అది కూడా వద్దు. కానీ సంగటి మానాల్సిన పని లేదు. మన వాళ్లు సంగటి నమలరు కదా, ముద్ద చేసి మింగుతారు. నమలకుండా మింగే తిండి కంటే ఈ నోటికి మంచిది ఏముంది? మామూలుగా కంటే పలుచగా, బియ్యం బాగా మెత్తగా ఉడికించి, గడ్డలు లేకుండా గెలికి, బాగా చల్లారాక నెయ్యి వేసి, ఉప్పు తగ్గించి, మిరపకాయ వేయని పెసరపప్పు కట్టుతో చిన్న చిన్న ముద్దలు పెట్టు. చిన్న ముద్దలు, గోలికాయంత. ఆమె సంగటి తిన్నానని అనుకుంటే సగం దిగులు పోతుంది. అది కూడా దిగకపోతే రాగి జావ, నీళ్లతో కాకుండా పాలతో, చల్లగా.

మీ ఇంట్లో ఆవులుంటే పాలు బాగా కాగాకే వాడు, పచ్చిపాలు ముట్టనివ్వొద్దు. పెరుగు ఆ రోజు తోడుకున్న తియ్యటి పెరుగే, పులిసింది మండుతుంది. మజ్జిగ మాత్రమే తాగుతోందన్నావు. మజ్జిగతో దాహం తీరుతుంది కానీ బలం రాదు, పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. పాలల్లో రెండు స్పూన్ల పాలపొడి కలిపితే అదే గ్లాసులో బలం పెరుగుతుంది. గుడ్డు పూర్తిగా ఉడకబెట్టి, మెత్తగా చిదిమి, జావ అన్నంలోనో పప్పు కట్టులోనో కలుపు. ఉర్లగడ్డ ఉడకబెట్టి పాలు, నెయ్యి వేసి మెదుపు. బాగా పండిన అరటిపండు చిదిమి పాలతో. సేమియా పాయసం, సగ్గుబియ్యం జావ. కొబ్బరిబోండాం నీళ్లు అప్పుడే కొట్టించి ఇవ్వొచ్చు, రోడ్డు పక్క జ్యూసులు, చెరుకురసం వద్దు. నిమ్మ, బత్తాయి, మామిడిపండు పులుపు తగిలి మండుతాయి, మానాక తినొచ్చు. ఏదైనా సరే గది వేడిలోనో, కొంచెం చల్లగానో ఉండాలి, పొగలు కక్కే కాఫీ టీ వద్దు. పూటకు కడుపు నిండా పెట్టాలని చూడకు, రెండు గంటలకోసారి అరగ్లాసు చొప్పున ఏదో ఒకటి పో. గ్లాసు అంచు పెదవికి తగిలి నొప్పెడితే స్ట్రాతో ఇవ్వు.

నీళ్లు ఎన్ని తాగిందో రాసుకో. ఉచ్చ ఎన్నిసార్లు పోసింది, ఏ రంగు అని అడగడానికి సిగ్గుపడకు. డ్రిప్ పెట్టాక ఒకటి రెండు రోజులు ఎర్రగా రావడం ఆ మందు రంగు, భయం లేదు. ఇప్పుడు 11వ రోజు ముదురు పసుపుగా, తక్కువగా వస్తే మాత్రం ఒంట్లో నీళ్లు చాలడం లేదని, సెలైన్ అవసరం పడొచ్చు.

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చోకుండా బయల్దేరాలి: జ్వరం 100.4 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ, చంకలో 100 చూపించినా అంతే, చలి, వణుకు, ఉమ్మి కూడా మింగలేకపోవడం, చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా కారడం, పొద్దుటి నుంచి ఉచ్చ రాకపోవడం, మనిషి మగతగా ఉండటం. రాత్రి 2 గంటలైనా 108కి చెయ్యి, తెల్లవారనీ అనుకోవద్దు. తెల్ల కణాలు లేనప్పుడు వచ్చే జ్వరానికి గంట లోపల యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. వీలైతే కీమో ఇచ్చిన చోటికే పోవాలి, అది తిరుపతి స్విమ్స్ అయినా, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన మన క్యాన్సర్ ఆసుపత్రి అయినా, చిత్తూరు వైపు చాలా మంది పోయే వేలూరు సీఎంసీ అయినా. అంత దూరం పోలేని పరిస్థితి అయితే దగ్గర్లో ఏ పెద్ద ఆసుపత్రి ఉంటే అది. ఎక్కడికి పోయినా గడప తొక్కగానే చెప్పాల్సిన మాట ఒకటే: కీమో పేషెంట్, ఇన్నో రోజు, జ్వరం ఉంది, సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయండి. మా బావ ఆ రాత్రి చెప్పని మాట అది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైల్ పైన అంటించి పెట్టు, కంగారులో నోట మాట రాదు.

కొండ సంగతి. మొక్కు తీర్చుకోవద్దని నేను అనను, ఆ ధైర్యం ఆమెకు కావాలి. కానీ ఆ ఎర్ర గీత రోజుల్లో క్యూ కంపార్టుమెంట్లలో జనం మధ్య గంటల తరబడి కూర్చోవడం వద్దు. 18వ రోజు దాటాక, నోరు మానాక, రక్తపరీక్షలో కణాలు బాగున్నాయని చూసి, డాక్టర్ని అడిగి, రద్దీ తక్కువున్న రోజు పోయి రండి. లేదంటే కీమోలన్నీ అయ్యాకే పోవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు. ప్రసాదం ఎవరైనా తెచ్చిస్తే లడ్డూ అలాగే నోట్లో పెట్టనివ్వకు, అందులో కలకండ పలుకులు, జీడిపప్పు పుండుకు గీసుకుంటాయి. పలుకులు తీసేసి, పొడి చేసి, గోరువెచ్చటి పాలల్లో నానబెట్టి ఒక స్పూన్ పెట్టు, సంతోషపడుతుంది.

రెండో కీమో రోజుకు ముందే చేయాల్సినవి కొన్ని. ఫోన్‌లో ఇప్పటికే చెప్పినా, ఆ రోజు డాక్టర్ దగ్గర మళ్లీ చెప్పు: ఎన్నో రోజు మొదలైంది, ఎన్ని రోజులు గట్టి తిండి తినలేదు, ఎన్నో రోజు మానింది, బరువు ఎన్ని కిలోలు తగ్గింది. నీ క్యాలెండర్ మీదే రాసి పెట్టుకుంటే ఫోటో తీసి చూపించొచ్చు. పుండ్లు బాగా ఉన్నప్పుడు నోటి ఫోటో కూడా ఒకటి తీసి ఉంచు, డాక్టర్ దగ్గరికి పోయేసరికి మానిపోయి ఉంటాయి, ఏమీ లేదమ్మా అంటుంది మీ అత్త. పుచ్చు పన్ను, మొన తేలిన పన్ను ఏమైనా ఉంటే డాక్టర్ని అడిగి కణాలు బాగున్న రోజుల్లో చూపించాలి, మీ అంతట మీరు పీకించొద్దు. సోడా నీళ్లు పుక్కిలించడం ఈసారి పుండు పడేదాకా ఆగకుండా 1వ రోజు నుంచే మొదలుపెట్టు.

ఐస్ ముక్కల గురించి కూడా అడుగు. మందు ఎక్కేటప్పుడు నోట్లో ఐస్ పెట్టుకుంటే రక్తనాళాలు ముడుచుకుని నోటికి చేరే మందు తగ్గుతుంది. 5-ఎఫ్‌యూ అనే మందును ఒకేసారి సిరంజితో ఇచ్చేటప్పుడు, ఇవ్వడానికి 5 నిమిషాల ముందు మొదలుపెట్టి 30 నిమిషాలు ఐస్ చప్పరిస్తే పుండ్లు తగ్గుతాయని రుజువైంది. ఎర్ర మందు కూడా కొద్దిసేపట్లోనే ఎక్కేస్తుంది కాబట్టి మీ అత్త విషయంలో వీలవుతుందేమో నర్సును ముందే అడుగు. సరే అంటే కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే ఐస్ చేసి ఫ్లాస్కులో పట్టుకుపో, బయట కొన్న ఐస్ వద్దు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునే వాళ్లు మాత్రం ఐస్ జోలికి పోకూడదు, వాళ్లకు చల్లదనం తగిలితే గొంతు పట్టేస్తుంది.

ఫోన్ చేశాక ఏమన్నారో, జ్వరం ఎంతుందో రాయి. మీ అత్తకు షుగర్ ఉందా లేదా అని రాయలేదు, ఉంటే పాయసం, లడ్డూ, అరటిపండు గురించి నేను చెప్పినవి పక్కన పెట్టి డాక్టర్ని అడుగు. నువ్వు కూడా వేళకు ఇంత తిను. ఇంట్లో ఉన్నది మీరిద్దరే అన్నావు, రాత్రిపూట తోడుకు పిలవగలిగిన పక్కింటి వాళ్ల నంబరొకటి, బండి ఉన్న వాళ్ల నంబరొకటి ఆ క్యాలెండర్ మీదే రాసి పెట్టుకో.